పిల్లనిచ్చిన ఊరి ఊట: సమోసిర్ మెట్టపై ఒక బతాక్ పల్లె తాగునీటి పథకం – కేస్ స్టడీ

ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రా ప్రావిన్సులో, తోబా సరస్సు నడుమనున్న సమోసిర్ దీవిపై, సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న ఒక తోబా బతాక్ పల్లెలో ఆగిపోయిన తాగునీటి పథకాన్ని తిరిగి నడిపించిన క్రమాన్ని ఈ నివేదికలో వివరిస్తున్నాను. గ్రామీణ తాగునీటి పథకాల సాంకేతిక సలహాదారుగా ఆ పనిలో నేనూ ఉన్నాను. ఊరి పేరు, వంశాల పేర్లు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. అక్కడ వంశం పేరు చెబితే ఊరు తెలిసిపోతుంది, ఊరు చెబితే మనిషి తెలిసిపోతాడు. పైపు పగిలితే అతికించడం ఒక పూట పని. ఆ ఒక పూట పని రెండేళ్లపాటు ఎందుకు జరగలేదన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

సుమారు 74,000 ఏళ్ల కిందట భారీ అగ్నిపర్వత విస్ఫోటంతో కుంగిన నేలలో ఏర్పడిన ఈ సరస్సు పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. ఆ తరువాత సరస్సు అడుగుభాగమే పైకి ఉబికి సమోసిర్ దీవి అయింది. అందువల్ల మెట్ట మీది నేల చాలా చోట్ల పాత సరస్సు మేటే. పైమట్టి పలుచన, సారం తక్కువ. ఇంటి ముందు నిలబడితే కనుచూపు మేరా నీళ్లే కనిపిస్తాయి, అక్కడి ఎండాకాలమైన జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంట్లో మాత్రం తాగడానికి ఉండవు. సరస్సు నుంచే నీటిని ఎత్తిపోయవచ్చు కదా అని కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ అడుగుతాడు. సరస్సు నీటిమట్టం సుమారు 905 మీటర్లు, ఊరు 1,400 మీటర్లు. వెయ్యి లీటర్లను 500 మీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారమే 1.36 యూనిట్ల కరెంటు కావాలి. పంపులో, పైపులో పోయే నష్టాలు కలిపితే రెండు యూనిట్లు దాటుతుంది. అంత ఒత్తిడిని తట్టుకునే పైపులను, పంపులను నలభై ఇళ్ల ఊరు భరించలేదు. ఆ ఊరికి దిక్కు కొండ మీది ఊటే.

ఊరు, మనుషులు

తోబా బతాక్‌ల పల్లెను హుతా అంటారు. ఒక మార్గా, అంటే తండ్రి వైపునుంచి వచ్చే ఇంటిపేరు వంటి వంశం, దాని మూలపురుషుడు గట్టు పోసి, వెదురు పొదలు నాటి వేసిన ఊరు అది. ఇప్పటికీ ఆ మట్టిగట్టు, వెదురు కంచె కొంత నిలిచి ఉన్నాయి. లోపల ఒక వరుసలో ఇళ్లు, వాటికి ఎదురుగా ఒకప్పటి ధాన్యపు కొట్లు, మధ్యలో కాఫీ గింజలూ వడ్లూ ఎండబోసే వాకిలి ఉంటాయి. జీను ఆకారపు కప్పుతో, స్తంభాల మీద నిలిచిన పాత కొయ్య ఇళ్లు కొన్నే మిగిలాయి. వాటికీ చక్కెర తాటి పీచు కప్పు పోయి రేకులు వచ్చాయి. పర్యాటకులు ఈ మార్పుకు బాధపడతారు గాని నీటి పని చేసేవాళ్లకు అందులో మేలే కనిపిస్తుంది. పీచు కప్పు మీద నుంచి వాన నీటిని పట్టుకోవడం కష్టం. రేకుల చూరు కింద డ్రమ్ము పెడితే చాలు. వానాకాలంలో ఊరు అలాగే గడుస్తుంది.

ఇళ్లలో మూడో వంతుకు తాళాలు ఉంటాయి. హైస్కూలు చదువు పూర్తి కాగానే పిల్లలు మెదాన్‌కో జకార్తాకో బాతాంకో వెళతారు. ఊళ్లో మిగిలేది వృద్ధులు, చిన్నపిల్లలు, కాఫీ తోటలు చూసుకునే నడివయసు దంపతులు, చాలామంది వితంతువులు. ఏడాదికి ఒకే పంట వరి, కొంత చిలగడదుంప, కర్రపెండలం, నాటిన రెండేళ్ల లోపే కాపుకొచ్చే సిగరార్ ఉతాంగ్ రకం అరబికా కాఫీ, ఇంటికి రెండు మూడు పందులు: ఇదే జీవనాధారం. బడి ఫీజు కట్టాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా, విందుకు మాంసం పట్టుకెళ్లాలన్నా ఇల్లాలు పందినే అమ్ముతుంది. 2019 చివరలో ఉత్తర సుమత్రాను ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ చుట్టేసినప్పుడు ఈ ఊళ్లోనూ పందుల దొడ్లు ఖాళీ అయ్యాయి. పథకం పుస్తకంలో నెలవారీ చందా వసూళ్లు పడిపోవడం ఆ నెలల్లోనే మొదలైంది. ప్రజలు చందా కట్టడానికి ఇష్టపడటం లేదని పై కార్యాలయానికి వెళ్లిన నివేదికలో పందుల ప్రస్తావనే లేదు.

బతాక్ సమాజాన్ని నడిపేది దలిహాన్ న తోలు అనే మూడు పక్షాల బంధుత్వ నియమం. ఒకే వంశంలోని దాయాదులు ఒక పక్షం. మనకు పిల్లనిచ్చినవారు, అంటే హులా-హులా, రెండో పక్షం. మన ఆడపిల్లను చేసుకున్నవారు, అంటే బోరు, మూడో పక్షం. తెలుగు పాఠకులకు ఇందులో సగం తెలిసినట్లే ఉంటుంది, ఎందుకంటే మేనమామ కూతురు అక్కడా వరసైన పిల్లే. అయితే మేనత్త కూతురిని చేసుకోవడం వారికి నిషిద్ధం. పిల్లనిచ్చే పక్షం, పుచ్చుకునే పక్షం తరతరాలుగా మారకుండా ఉండాలన్నది వారి పద్ధతి. గౌరవం దిశ కూడా వేరు. మన పెళ్లిళ్లలో మగపెళ్లివారిది పైచేయి. అక్కడ ఓలి ఇచ్చుకుని పిల్లను తెచ్చుకున్న అల్లుడి పక్షమే జీవితాంతం తలవంచి ఉండాలి. విందులో వండేది, వడ్డించేది, నీళ్లు మోసేది బోరు పక్షమే. పైన కూర్చుని ఆశీర్వదించి, ఉలోస్ వస్త్రం కప్పేది హులా-హులా. ఈ నియమం తెలియకుండా ఆ ఊళ్లో పైపు వేయవచ్చు గాని నీళ్లు నడిపించలేమని నా అభిప్రాయం.

పథకం ఎక్కడ ఆగింది

ఊరికి దాదాపు రెండు కిలోమీటర్ల ఎగువన మరో హుతా పొలిమేరలో ఉన్న ఊట చుట్టూ సిమెంటు పెట్టె కట్టి, అక్కడి నుంచి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో నీటిని వాలు మీదే దింపి, ఊరి పైనున్న తొట్టి నింపి, ఏడు వీధి కుళాయిలకు పంపిణీ చేసేలా ఆ పథకాన్ని నిర్మించారు. దానికి మోటారు, కరెంటు అవసరం లేదు. మూడేళ్లు బాగానే నడిచింది. ఆ తరువాత నీళ్లు వారానికి రెండు రోజులు రావడం మొదలై, చివరకు ఆగిపోయాయి.

మేము పైపు వెంబడి ఊట దాకా నడిచి చూశాము. ఊటకూ తొట్టికీ ఎత్తు తేడా సుమారు 140 మీటర్లు. ప్రతి పది మీటర్ల దిగుడుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పైపు అడుగున 14 బార్ల ఒత్తిడి ఉంటుంది. వేసిన పైపు పది బార్లు తట్టుకునేది. అందుకే దారి మధ్యలో ఒత్తిడి తగ్గించే చిన్న తొట్టి కట్టారు. ఆ తొట్టిలోని తేలుడు వాల్వు అరిగి నీళ్లు పొర్లిపోతుంటే, వృథా అరికట్టాలనే సదుద్దేశంతో ఎవరో తొట్టిని వదిలేసి పై పైపును కింది పైపుకు నేరుగా కలిపేశారు. పగలు కుళాయిలు నడుస్తున్నంతసేపు ఏమీ కాలేదు. రాత్రి అందరూ కుళాయిలు కట్టేశాక మొత్తం ఒత్తిడి కింది జాయింట్ల మీద పడి అవి ఒక్కొక్కటిగా ఊడాయి. ఊడిన ప్రతి చోటా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి.

రెండో లోపం ఒక చిన్న మిట్ట దగ్గర బయటపడింది. పైపు మిట్ట ఎక్కి దిగే చోట గాలి పేరుకుని ధార ఆగిపోతుంది. అక్కడ గాలి వాల్వు ఉండాలి, లేదు. కానీ పైపుకు వేలి మందం రంధ్రం ఉంది, అందులో చెక్కిన కర్రబిరడా ఉంది. మాతో వచ్చిన ఒక మధ్యవయసు స్త్రీ వంగి ఆ బిరడాను మెలితిప్పి లాగగానే గాలి బుసకొట్టి, కాసేపటికి నీటి చుక్కలు చిమ్మాయి. ఆవిడ చీర కొంగు వంటి పైగుడ్డతో చెయ్యి తుడుచుకుని బిరడా మళ్లీ బిగించింది. కుళాయి ఆగినప్పుడల్లా ఈ పని ఆవిడే చేసేదట. నీటి సంఘం పుస్తకంలో ఆవిడ పేరు చందా బాకీదారుల జాబితాలో తప్ప మరెక్కడా లేదు.

మూడో లోపం ఊట దగ్గరే కనిపించింది. ఎగువ హుతావారు పైపును కోసి, కాఫీ నారుమడికీ చేపల గుంటకూ నీళ్లు మళ్లించుకున్నారు. కింది ఊరు దీన్ని దొంగతనమని ఉపజిల్లా కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఊట ఎవరిది

ఫైలులో భూమి సమ్మతి పత్రం ఉంది. దాని మీద దేసా పెద్ద సంతకం ఉంది. దేసా అంటే అనేక హుతాలను కలిపి ప్రభుత్వం ఏర్పాటు చేసిన పాలనా గ్రామం; 2014 నాటి గ్రామ చట్టం తరువాత, 2015 నుంచి కేంద్ర నిధులు అక్కడికి చేరుతున్నాయి. ఆ పెద్దకు నిధుల మీద అధికారం ఉంది, ఊట మీద లేదు. ఊట ఎగువ హుతాను వేసిన వంశానిది. ఆ వంశమే కింది ఊరి వంశానికి హులా-హులా: కింది ఊరి ముత్తవ్వల్లో చాలామంది ఆ ఇళ్ల ఆడపడుచులే. పిల్లనిచ్చినవారి ఊటలో అడగకుండా పైపు దించడం ఒక తప్పు. అడ్డు చెప్పినందుకు వారినే దొంగలంటూ కాగితం పెట్టడం దానికి మించిన తప్పు. మన వైపు అల్లుడు మామగారి మీద పోలీసు స్టేషన్‌కు వెళ్లినా ఇంత అవమానంగా తీసుకోరేమో.

మొదట ఫిర్యాదును వెనక్కి తీసుకోవడానికి కింది ఊరి పెద్దలు ఒప్పుకోవాలి. దానికే ఎక్కువ కాలం పట్టింది. నిజానికి నిర్ణయం జరగవలసిన చోటు లాపో, అంటే కల్లు దుకాణం. సాయంత్రం చక్కెర తాటి కల్లు గ్లాసుల మధ్య మగవాళ్లు ఏదైనా తేల్చుకునేది అక్కడే. తరువాత ఒక ఆదివారం ప్రార్థనలు ముగిశాక కింది ఊరివాళ్లు పందిమాంసం వండుకుని ఎగువ హుతాకు వెళ్లారు. బోరు పక్షం మాంసం తేవాలి, హులా-హులా బదులుగా చేపలు, అన్నం పెట్టాలి. అక్కడ పసుపు, అందలిమాన్ మిరియం వేసి వండిన కార్ప్ చేప ఆకు మీద సిద్ధంగా కనిపించినప్పుడే పని సగం అయిందని నాతో వచ్చిన స్థానిక సహోద్యోగి చెవిలో చెప్పాడు. మాట్లాడే వరస కూడా బంధుత్వం ప్రకారమే సాగింది. ఇంజనీర్లకు మాట దక్కలేదు, అడిగితేనే జవాబు చెప్పాము.

ఎగువ పెద్ద ఒకే ప్రశ్న వేశాడు: ఎండాకాలంలో తమ గేదెలకు ఏం మిగులుతుంది? దీనికి మాటలతో జవాబు చెప్పి లాభం లేదు. ఇరవై లీటర్ల బకెట్, గడియారం తీసుకుని ఊట దగ్గరకు నడిచాము. బకెట్‌ను ఆయనే పట్టుకున్నాడు. 25 సెకన్లలో నిండింది, అంటే రోజుకు సుమారు 69,000 లీటర్లు. ఎండాకాలంలో బకెట్ నిండటానికి ఇంతకు రెట్టింపు సమయం పడుతుందని ఆయనే చెప్పాడు. అలాగైనా రోజుకు 34,000 లీటర్లకు పైమాటే. కింది ఊళ్లో నివసించే సుమారు 150 మందికి తలా 60 లీటర్లు లెక్కవేసినా 9,000 లీటర్లు చాలు. కొరత ఊటలో లేదని, పొర్లే తొట్లలోనూ ఊడిన జాయింట్లలోనూ ఉందని రెండు ఊళ్లూ ఒకేసారి కళ్లారా చూశాయి.

కుదిరిన ఒప్పందం ఇది. భూమి, ఊట ఎగువ వంశానివే. కింది ఊరికి వాడుకునే హక్కు మాత్రమే. మొదటి కుళాయి, పశువుల తొట్టి ఎగువ హుతాలో పెట్టాలి. నారుమడికి విడిగా సన్న పైపు, వాల్వు ఇవ్వాలి. వీధి కుళాయిలు తప్ప మరే వాడుకకైనా మళ్లీ వచ్చి అడగాలి. పదివేల రూపియాల స్టాంపు అంటించి రెండు వైపులా సంతకాలు చేశారు. ఆ తరువాత ఒత్తిడి తగ్గించే తొట్టిని పునరుద్ధరించి, కొత్త తేలుడు వాల్వు, మిట్ట మీద గాలి వాల్వు, పల్లంలో బురద వదిలే వాల్వు అమర్చడం ఊరివాళ్ల శ్రమతో, దేసా నిధులతో త్వరగానే ముగిసింది. ఆ పని గురించి చెప్పుకోవలసినంత ఏమీ లేదు.

చందా

పాత పద్ధతిలో ప్రతి ఇంటి నుంచి నెలనెలా ఒకే మొత్తం వసూలు చేయాలి. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఊళ్లో డబ్బు నెలనెలా తిరగదు. కాఫీ పెద్ద కాపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చిన్న కాపు మార్చి తరువాత వస్తుంది. వలస వెళ్లిన పిల్లలు డబ్బు తెచ్చేది క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులకు. మధ్య నెలల్లో వసూలుకు వెళ్లినవాడు అప్పు అడిగినవాడిలా మొహం మాడ్చుకుని తిరిగి వచ్చేవాడు. పైగా తాళం వేసిన ఇళ్ల నుంచి ఒక్క రూపియా వచ్చేది కాదు. నెలంతా కుళాయి వాడే ముసలమ్మ కట్టాలి, ఏడాదికోసారి పదిమందితో దిగి తొట్టి ఖాళీ చేసే కుటుంబం కట్టనక్కర్లేదు.

దీనికి మార్గం సంఘం పుస్తకంలో కాక వారి ఆచారంలోనే దొరికింది. పూర్వీకుల ఎముకలను తీసి కొత్త సమాధిలో పెట్టే వేడుకకు, వంశపు స్మారకం కట్టడానికి, పెద్ద విందుకు కుటుంబానికి ఇంతని వంతు వేసే తోక్‌తోక్ రిపె అనే పద్ధతి వారికి ఉంది. అందులో జకార్తాలో ఉన్న కొడుకూ లెక్కలోకి వస్తాడు; ఎగ్గొడితే పది ఊళ్లలో తెలిసిపోతుంది. నీటి చందాను ఆ పద్ధతిలోకి మార్చాలని సూచించింది మేము కాదు, ఒక రిటైర్డు బడిపంతులు. ఏడాదికి రెండు వంతులు: కాఫీ అమ్మిన తరువాత ఊళ్లో ఉన్నవారిది, జనవరి మొదటి వారంలో వలసవారిది. తాళం వేసిన ఇంటికీ వంతు ఉంటుంది. ఒంటరి వితంతువుకు సగమే.

ఇల్లరికపు అల్లుళ్ల విషయంలో మాత్రం గొడవ జరిగింది. భార్య ఊళ్లో స్థిరపడిన బోరు కుటుంబాలకు వంశపు వేడుకల్లో వంతు వేరుగా ఉంటుంది, శ్రమ ఎక్కువ, మాట తక్కువ. నీళ్లలోనూ అదే పాటిస్తే వాళ్లు గుంటలు తవ్వుతూనే ఉండాలి, సంఘంలో కూర్చోకూడదు. ఆచారం మంచిదని నెత్తిన పెట్టుకునేవారికి దానిలోని ఈ కోణం కనబడదు. చాలా వాదన తరువాత చందా అందరికీ సమానం, శ్రమదానం కూడా సమానం అని రాసుకున్నారు. అమలులో మాత్రం తవ్వకానికి ఎక్కువగా వచ్చింది ఆ ఇళ్లవాళ్లే.

లెక్కలు ఎక్కడ చదవాలన్నది కూడా చిన్న విషయం కాదు. బతాక్‌ల ప్రొటెస్టంట్ సంఘమైన హెచ్‌కెబిపి చర్చిలో ఆరాధన నడుమ ప్రకటనల్లో ఎవరు ఎంత కానుక ఇచ్చారో చదివే అలవాటు ఉంది. అక్కడే నీటి లెక్క కూడా చదివితే చాలునన్నారు కొందరు. కానీ ఊళ్లో కాథలిక్కులు ఉన్నారు, 1964లో హెచ్‌కెబిపి నుంచి విడివడిన జికెపిఐవారూ ఉన్నారు. చివరకు లెక్కల కాగితాన్ని మూడు చోట్లా చదివించి, ఒక ప్రతిని లాపో గోడకు అంటించారు.

బిరడా తీసిన ఆవిడ

నీళ్లు మోసేది ఆడవాళ్లు. పథకం ఆగిన రెండేళ్లూ ప్లాస్టిక్ డబ్బాలతో పల్లంలోని గుంటకు దిగి ఎక్కింది వాళ్లే, పందులకు తాగించడానికి కూడా. నీటి సంఘంలో మాత్రం అందరూ మగవాళ్లే, వారిలో ఇద్దరు ఊళ్లోనే ఉండరు. నిర్వాహకుడి పదవికి మళ్లీ ఒక యువకుడి పేరు వచ్చింది. అతడు వచ్చే ఏడాది బాతాం వెళ్లబోతున్నాడని అందరికీ తెలుసు. మిట్ట మీద బిరడా సంగతి తెలిసిన ఆవిడను నియమించమని మేము అడిగినప్పుడు, రాత్రివేళ కొండెక్కడం ఆడమనిషికి కుదరదన్నారు. ఆవిడ బదులు చెప్పలేదు. పక్కనున్న అత్తగారు, “ఇన్నాళ్లూ ఎక్కింది ఎవరనుకున్నారు, నాయనా?” అంది. దాంతో నియామకం జరిగింది. పుస్తకం మాత్రం ఆవిడ మరిది పేరు మీదే ఉంది, స్టాంపు కాగితం మీద ఒక్క స్త్రీ సంతకమూ లేదు. ఆవిడకు ఇచ్చే జీతం కూడా కాఫీ కోత కూలి కంటే తక్కువే. ఈ పని బాగా జరిగిందని ఎవరైనా రాస్తే ఈ మూడు విషయాలు కూడా రాయాలి.

ఇప్పటి పరిస్థితి

రెండు ఎండాకాలాలు కుళాయిలు ఆగకుండా నడిచాయి. ఆగస్టులో మాత్రం రాత్రి తొట్టి వాల్వు కట్టేసి పొద్దున తెరుస్తున్నారు. నీటి నాణ్యత మీద నిఘా సరిగా లేదు. ఊట పెట్టె పైన పందులు తిరగకుండా వేసిన కంచె ఒక పక్క పడిపోయింది, ఆ విషయం ఎగువ హుతాతో మాట్లాడవలసి ఉంది.

అంతకంటే పెద్ద సమస్య ఇంటి కనెక్షన్లు. వలసవారు కట్టుకుంటున్న కొత్త ఇళ్లలో స్నానాల గదులున్నాయి, డాబా మీద ట్యాంకులున్నాయి. ఊరి కోసం వంతు కట్టాం కాబట్టి ఇంట్లోకి నీళ్లు కావాలంటున్నారు. మీటర్లు లేకుండా ఇస్తే పై వరస ఇళ్లే నీళ్లన్నీ లాగేసుకుని పల్లంలోని రెండు కుళాయిలు ఎండిపోతాయి. మీటర్లతో ఇవ్వాలంటే రీడింగు తీయాలి, నెలవారీ బిల్లు వేయాలి. అది పాత చందా పద్ధతినే మళ్లీ తెచ్చిపెడుతుంది. పైగా ఒప్పందం వీధి కుళాయిల వరకే. ఇంటి కనెక్షన్ ఇవ్వాలంటే మళ్లీ మాంసం వండుకుని ఎగువకు వెళ్లాలి. వచ్చే జనవరి లెక్కలు ముగిసేదాకా ఎవరికీ కనెక్షన్ ఇవ్వకూడదని సంఘం తీర్మానించింది. ఈలోగా ఊట దగ్గర నెలకోసారి బకెట్‌తో తీసిన కొలతలను రెండు పుస్తకాల్లో రాసి, ఒకటి ఎగువ పెద్ద దగ్గర, ఒకటి నిర్వాహకురాలి దగ్గర ఉంచుతున్నారు.